ఆకు గాలిని పట్టు మూడు దారులు

బెల్లపు పొయ్యిలోనికి బండ్లకొలది చెఱకు పిప్పి పోవుటయు, రాత్రింబవళ్లు మండిన పిదప దానినుండి కొన్ని గంపల బూడిద మాత్రమే వెలికి వచ్చుటయు మన చిత్తూరు సీమ రైతులందఱు కన్నులార చూచినదే. తక్కినదంతయు ఏమైనదని అడిగినచో, పొగయై గాలిలో కలిసినదందురు. అది సత్యమే. కాని ఆ పిప్పి మొదట గాలినుండియే వచ్చినదని మేము చెప్పినపుడు మాత్రము చాలమంది నవ్వుదురు. పైరు మన్నును తిని పెరుగునని తాతలనాటి నుండి వచ్చుచున్న నమ్మకము. మన్ను ఇచ్చినది ముఖ్యముగా ఆ బూడిదయు, కొంత నత్రజనియు, వేళ్లు త్రాగిన నీరును. ఎండిన పైరును నూఱు పాళ్లు చేసినచో అందు నలువది పాళ్లకు పైగా కర్బనము, అనగా బొగ్గు, ఉండును. ఆ బొగ్గు దాదాపు అంతయు ఆకులు గాలినుండి పట్టి తెచ్చినదే.

గాలిలో ఈ బొగ్గు విడిగా నుండదు. ప్రాణవాయువుతో కూడి బొగ్గుపులుసు వాయువుగా నుండును. అదియు మిక్కిలి కొంచెము. పదివేల పాళ్ల గాలిలో ఇప్పుడది నాలుగు పాళ్లకు కొంచెము మించి యున్నది. లోకమున యంత్రములును, నేలబొగ్గు వాడకమును పెరుగక పూర్వము మూడు పాళ్లకు తక్కువగానే యుండెను. ఇంత పలుచని సరకును పోగుచేయుటకై ఆకు తన చర్మమునందు లెక్కకు మిక్కిలియైన సన్నని రంధ్రములను తెఱచి యుంచవలెను. తెఱచినంత సేపును లోపలి తడి ఆవిరియై పోవుచునే యుండును. సాధారణపు ఆకులో ఒక్క అణువు బొగ్గుపులుసు లోనికి వచ్చుటకు కొన్ని వందల అణువుల నీరు వెలుపలికి పోవును. మన బావి నీరు, బోరు నీరు, దానిని తోడు కరెంటు, ఆ మోటారునకై తీసికొన్న అప్పు, వీనిలో పెద్దపాలు ఈ కంటికి కానరాని వాకిళ్ల గుండనే పోవుచున్నది. కావున ఏ పైరు తన వాకిలిని ఎట్లు కాచుకొనుచున్నదో అప్పు వ్రాయించుకొనుటకు ముందే రైతు తెలిసికొనదగినది.

పైరులు గాలినుండి బొగ్గును పట్టుటకు మూడు దారులు కలవు.

మొదటిది తొల్లింటి దారి. వరి, వేరుశనగ, కంది, ఉలవ, అలసంద, టొమాటో, ప్రత్తి, మల్బరీ, మామిడి, చింత మొదలగునవి ఈ దారిని నడచును. మన కొండలమీది ఎఱ్ఱచందనమును ఇందు చేరినదే. వీని ఆకులలో రుబిస్కో అను ఒక ద్రవ్యము కలదు. బొగ్గుపులుసు వాయువును పట్టి, మూడు కర్బన పరమాణువులుగల పదార్థముగా మార్చుట దాని పని. తరువాత అదియే చక్కెరయు, పిండియు, నూనెయు, నారయు నగును. ఈ వరుసను అమెరికాలో కాల్విన్ అను పండితుడును ఆయన తోడివారును వెలికి తీసిరి. అందులకు కాల్విన్ గారికి 1961లో నోబెల్ బహుమానము వచ్చినది.

ఈ రుబిస్కో అను పనివాడు మందకొడి. సెకనునకు మూడు నాలుగు అణువులకంటె ఎక్కువ పట్టజాలడు. అందుచేత ఆకు అటువంటి పనివాండ్రను గుంపులుగా పెట్టుకొనవలసి యున్నది. మనము వేసిన నత్రజని ఎరువులో ఆకునకు చేరినదానిలో సుమారు నాలుగవ వంతు వీరి పోషణమునకే పోవును. పైపెచ్చు వీనికి చూపు సరిగా ఆనదు. బొగ్గుపులుసు అనుకొని అప్పుడప్పుడు ప్రాణవాయువును పట్టుకొనును. ఆ తప్పును దిద్దుకొనుటకు పైరు తాను కూడబెట్టినదానిలో కొంత వ్యయము చేయవలసి వచ్చును. ఎండ ముదిరినకొలది ఈ పొరపాటు హెచ్చును. నీటికొఱకు రంధ్రములు మూసికొన్నచో లోని బొగ్గుపులుసు తఱిగి మఱింత హెచ్చును. మామూలు వేడిమిలోనే పట్టినదానిలో సుమారు నాలుగవ వంతు ఇట్లు చేజారునని లెక్క. చైత్ర వైశాఖములలో మన సీమ ఎండ మామూలు వేడిమి కాదని వేఱుగ చెప్పనక్కఱలేదు.

రెండవ దారి రాగి, జొన్న, సజ్జ, కొఱ్ఱ, సామ, ఆరిక, ఊద, మొక్కజొన్న, చెఱకు నడచునది. ఆకుకూరలలో తోటకూరయు, పశువుల మేతలో నేపియరు గడ్డియు ఇందు చేరినవే. పాల సేకరణ కేంద్రమును ఎఱిగిన సభ్యులకు దీనిని బోధించుట సులభము. ఇంటింట పాలు పిదికి ఎవరి బజారుకు వారే మోసికొని పోయిన కాలము మొదటి దారి వంటిది. ఊరి నడుమ కేంద్రమును పెట్టి, పాలు తప్ప మఱియొకటి చేకొనని గుమాస్తాను కూర్చుండబెట్టి, క్యానులలో నింపి, లోపలి శీతల గదికి పంపుట రెండవ దారి. రాగి ఆకులో వెలుపలి గదులయందు మఱియొక ద్రవ్యము గుమాస్తావలె కూర్చుండును. దానికి చూపు పదునైనది. ప్రాణవాయువును చూచి మోసపోదు. అది బొగ్గుపులుసును నాలుగు కర్బన పరమాణువులుగల పులుసుగా కట్టి, ఈనెలను చుట్టి యున్న లోగదులకు పంపును. అక్కడ మూట విప్పినపుడు బొగ్గుపులుసు మిక్కుటముగా క్రిక్కిఱిసి యుండును. అక్కడ కూర్చున్న రుబిస్కో ఇక పొరబడుటకు తావు లేదు. కొద్దిపాటి సందు తెఱచినను లోపల సరకు నిండుగా దొరకుటచే వాకిలిని అంతగా తెఱవనక్కఱలేదు, నీరు మిగులును. రుబిస్కో కొంచెముతోనే పని జరుగుటచే నత్రజనియు మిగులును.

ఈ లోగదులను సూక్ష్మదర్శినితో చూచినచో ఈనె చుట్టు కట్టిన పచ్చని పూలదండ వలె కనబడును. జర్మను పండితులు దీనికి దండ అను అర్థముగల తమ మాటనే పేరుగా పెట్టిరి. సూక్ష్మదర్శిని లేనివారు రాగి ఆకును, వరి ఆకును ఎండకు అడ్డముగా పట్టి చూడవచ్చును. ఆకులోని ప్రతి గదియు లోగదికి దగ్గఱగా నుండవలెను గనుక, ఈ దారి నడచు గడ్డిజాతులలో ఈనెలు ఒకదాని కొకటి మిక్కిలి దగ్గఱగా సాగును.

ఈ దారి కనుగొనబడిన కథ మన వంటి సంఘములవారు వినదగినది. హవాయి ద్వీపములలోని చెఱకుతోటల యజమానులు తమలో తాము సంఘముగా చేరి, సొంత ఖర్చుతో ప్రయోగశాలను నడుపుచుండిరి. అందలి కోర్ట్‌షాక్, హార్ట్, బర్ అనువారు చెఱకు ఆకుకు గుర్తుపెట్టిన బొగ్గుపులుసు నిచ్చి చూడగా, ఆ గుర్తు పుస్తకములలో చెప్పిన మూడు కర్బనముల పదార్థమున గాక నాలుగు కర్బనముల పులుసులలో ముందు కనబడెను. దీనిని వారు 1965లో ప్రకటించిరి. రష్యాలో కార్పిలోవ్ అంతకు ముందే, 1960లో, మొక్కజొన్నయందు ఇట్టిదే చూచి యుండెను గాని ఆ మాట లోకమునకు అంతగా చేరలేదు. 1966లో ఆస్ట్రేలియాలో హాచ్, స్లాక్ అను ఇద్దఱు ఈ దారిని ఆద్యంతము విడమర్చిరి. వారు పని చేసినదియు ఒక పంచదార కంపెనీ ప్రయోగశాలయందే.

ఆ వెనువెంటనే ఈ విద్య మన తిరుపతికి వచ్చినది. 1954లో స్థాపింపబడిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయపు వృక్షశాస్త్ర శాఖలో ఆచార్య వి. ఎస్. రామదాస్ గారును, వారి శిష్యులును ఈ దారి నడచు మొక్కలను వెదకుటకు పూనుకొనిరి. వారిలో ఎ. ఎస్. రాఘవేంద్ర గారొకరు. వారు స్థానికముగా దొరకు గడ్డిజాతులను, వాని చుట్టములను పరీక్షించి, ఏవి మొదటి దారివో ఏవి రెండవ దారివో నిర్ణయించిరి. లోకమున అంతవఱకు తెలిసిన రెండవ దారి మొక్కల పట్టికకు 1978లో వీరిద్దఱును అనుబంధమును కూర్చి ప్రకటించిరి. మనము గట్టుమీద కొడవలితో కోసి ఎద్దునకు వేయు గడ్డివంటివి పరదేశపు పండితులు చదువు పట్టికలయం దెక్కినవన్నమాట.

అదే 1978లో వీరును, రాజేంద్రుడు గారును కలిసి ఇంగ్లండులోని నేచర్ అను ప్రసిద్ధ పత్రికయందు ఒక చిత్రమైన సంగతిని ప్రకటించిరి. మొలుగో న్యూడికాలిస్ అని శాస్త్రజ్ఞులు పిలుచు ఒక చిన్న కలుపుమొక్క కలదు. ఇసుక నేలలలో నేలకు అంటుకొని పెరుగును. ఎవరును దానిని రెండవమాఱు చూడరు. దానియందు ఒకే మొక్కమీద, ఆకు ఉన్న చోటును బట్టి, మొదటి దారియు రెండవ దారియు రెండును కనబడినవని వారు వ్రాసిరి. తరువాతి పండితులు ఈ మొక్కను రెండు దారులకు నడిమి తరగతిలో చేర్చిరి. మొదటి దారినుండి రెండవ దారికి ప్రకృతి ఎట్లు వచ్చినదో తెలిసికొన గోరువారికి ఇట్టి నడిమి మొక్కలు నేటికిని ఆధారములు. ఈ మార్పు ఒక్కమాఱు కాదు, వేఱువేఱు మొక్కల కుటుంబములలో అఱువదికి మించిన సార్లు వేఱువేఱుగా జరిగినదని ఇప్పుడు తెలియుచున్నది. భూమిమీది మొక్కల జాతులలో ఈ దారివి నూటికి మూడు మాత్రమే. నేలమీద పైరులు, అడవులు, గడ్డి పట్టు బొగ్గులో మాత్రము సుమారు నాలుగవ వంతు వీనిదే.

మూడవ దారిని చూచుటకు సూక్ష్మదర్శినియు అక్కఱలేదు, నాలుక చాలును. ఇండ్లలో కుండలయందు పెంచు రణపాల మొక్కను అందఱు ఎఱుగుదురు. సూర్యోదయమునకు ముందు ఆకునుండి గోరంత ముక్కను నమిలి ఉమ్మివేసినచో పుల్లగా నుండును. అదే మొక్క ఆకును ప్రొద్దువాలిన వేళ రుచి చూచినచో పులుపు ఉండదు. (మ్రింగవలదు, పశువులకు అంతకన్నను పెట్టవలదు, అది వానికి విషము.) దీనిని మొదట లోకమునకు తెలిపిన వారిలో బెంజమిన్ హైన్ గారొకరు. ఆయన మొరేవియను మిషను పక్షమున తరంగంబాడికి వచ్చినవాడు. 1793లో కుంఫిణీ కొలువున చేరి, మన తెలుగుదేశమందే, సామర్లకోటలోని తోటను చూచువాడయ్యెను. 1813లో లండనులోని లాంబర్టు అను పండితునకు ఆయన ఒక లేఖ వ్రాసి, రణపాల ఆకు ఉదయమున పులుపు, మధ్యాహ్నమున రుచిలేమి, సాయంకాలమున కొంచెము చేదు అని తెలిపెను. ఆ లేఖ 1815లో అచ్చుపడినది. నాలుకను నమ్మి వ్రాసిన ఆ చిన్న లేఖను శాస్త్రజ్ఞులు రెండు వందల సంవత్సరములుగా పేర్కొనుచునే యున్నారు.

కారణమిది. రణపాల పగలు వాకిలి మూసికొని, చల్లని రాత్రివేళ తెఱచును. రాత్రి వచ్చిన బొగ్గుపులుసును పులుసుగా కట్టి గాదెలో పోసికొనును. తెల్లవారి ఎండ వచ్చిన పిదప వాకిలి బిగించి, ఆ పులుసును విప్పి చక్కెర చేసికొనును. రాగి చోటుమార్చి చేసిన పనిని ఇది వేళమార్చి చేయుచున్నది. నాగజెముడు, కలబంద, కిత్తనార, అనాస ఈ దారివే. ఇటీవల మన రైతులు కొందఱు నాటుచున్న డ్రాగన్ పండు తీగయు నాగజెముడు చుట్టమే గనుక ఇందే చేరును. నీటి పొదుపులో వీనిని మించినవి లేవు గాని, రాత్రి గాదె ఎంతో పగటి పని అంతే. అందుచేత ఎదుగుదల నిదానము. చేలలో మొలచు గంగపాయల కూర మాత్రము రెండు విద్యలును నేర్చినది. తడి ఉన్నపుడు రాగివలె నడచును, ఎండినపుడు రణపాలవలె రాత్రి గాదెను తెఱచును. ఈ రెండును దాని ఆకులో ఒకే గదులయందు కలిసి జరుగుచున్నవని 2022లో అమెరికా పండితులు చూపిరి.

ఇక నీటి లెక్క. 1910 తరువాతి సంవత్సరములలో అమెరికాలోని కొలరాడో రాష్ట్రమున బ్రిగ్స్, షాంట్జ్ అను ఇద్దఱు పైరులను తొట్లలో పెంచి, తొట్లను దినదినము తూచి, ఒక పౌను ఎండిన పైరునకు ఎన్ని పౌన్ల నీరు ఆవిరియైనదో లెక్క కట్టిరి. జొన్నకును, చిఱుధాన్యములకును సుమారు 300. మొక్కజొన్నకు 370 ప్రాంతము. గోధుమకు 500 పైచిలుకు. వరికి 700 ప్రాంతము. లూసర్ను మేతకు 800కు పైన. అవి ఏల రెండు గుంపులుగా విడిపోయినవో వారికి తెలియలేదు. తూకము ముందు వచ్చెను. కారణము ఏఁబది సంవత్సరములకు చెఱకు ఆకునుండి వచ్చెను.

ఈ లెక్కను చూచి తొందరపడువారున్నారు. చెఱకు రెండవ దారి పైరు గనుక నీరు తక్కువ త్రాగునని వ్రాసిన కరపత్ర మొకటి మా కంటబడినది. అది పూర్తిగా పెడత్రోవ. చెఱకు పౌనుకు త్రాగునది తక్కువయే. కాని అది పది పండ్రెండు నెలలు నేలమీద నుండి, ఎకరమునకు లెక్కలేని పౌన్లు పెరుగును. మొత్తము మీద దానికి 60 నుండి 100 అంగుళముల నీరు కావలెను. దమ్ముచేసి నిలువ నీటిలో పెంచు వరికి 48 అంగుళముల ప్రాంతము, వేరుశనగకు 20 నుండి 28, రాగికి 14 నుండి 20 చాలును. కాబట్టి దారి ఒకటే చూడరాదు. దారితో కూడ కాలమును చూడవలెను. బోరు నీరు మాఘమునకే తగ్గు చేలలో చెఱకు నాటుటకు ఆకు విద్య ఏమియు సాయపడదు. అదే నీటితో వేసవి వరికి బదులు రాగి నాటినచో మూడు ఎకరముల వఱకును తడుపవచ్చును. మా అభిప్రాయమున పలమనేరు, పుంగనూరు, కుప్పము వైపు బావుల క్రింద ఈ మార్పును సంఘములు అప్పుల పట్టికలోనే ప్రోత్సహింపవలెను. రాగికి ఎకరమునకు ఇచ్చు అప్పు వరికంటె తక్కువగా నుండుట వలన నీరు లేనివాడు కూడ వరినే వ్రాయించుకొనుచుండుట మేము పలు గ్రామములలో చూచితిమి.

రెండవ దారికిని వెల కలదు. పులుసు కట్టుటకును విప్పుటకును అదనపు శక్తి కావలెను. అది ఎండనుండి రావలెను. ఎండయు వేడిమియు నిండుగా నున్నప్పుడే లాభము. ముదిరిన మామిడితోట నీడలో రాగియో మొక్కజొన్నయో వేసిన రైతు నష్టపోవును. లేతతోటలో వరుసల నడుమ వేరుశనగయో, అలసందయో, ఉలవయో మేలు. ఇవి గాలి నత్రజనిని కూడ వేళ్ల బుడిపెలలో పట్టి నేలకు బలము చేకూర్చును. ఆ విద్య రాగికి లేదు. పాడి పశువులకును ఇదే మాట. నేపియరు గడ్డి తక్కువ నీటితో మోపులు మోపులుగా వచ్చును గాని, ఆకులో రుబిస్కో తక్కువ గనుక మాంసకృత్తులును తక్కువ. దానితో అలసంద మేత కలిపి వేయుట అవసరము.

వేరుశనగను మేము తక్కువ చేయుట లేదు. మొదటి దారి పైరైనను, ఒకే దారిలో నడచు వంగడములలో సైతము నీటి పొదుపు వేఱువేఱుగా నుండును. ఆకులోని బరువు కర్బనమును, తేలిక కర్బనమును పోల్చి చూచి ఆ తేడాను కనుగొనవచ్చునని 1986లో ఆస్ట్రేలియా పండితులు వేరుశనగమీదనే నిరూపించిరి. తిరుపతి పరిశోధన స్థానమునుండి వచ్చిన నారాయణి, ధరణి మొదలగు వంగడములు మన వానలకు తగినట్లు ఎంపిక చేయబడినవే. వరికి రెండవ దారిని నేర్పవలెనని ఫిలిప్పీను దీవులలోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ మొదలిడిన పని యొకటి పదునైదేండ్లకు పైగా పలుదేశముల పండితుల చేతులలో సాగుచున్నది. అట్టి విత్తన మింకను రైతు చేతికి రాలేదు. ఎవరైనను ఆ పేరుతో విత్తనము అమ్మవచ్చినచో కొనవలదు.

గాలిలో బొగ్గుపులుసు పెరుగుచున్నది గదా, మొదటి దారి పైరులకు మేలే గదా అని చదువుకొన్న యువకులు మమ్ము అడుగుదురు. కొంత మేలే. కాని దానితో వచ్చు వేడిమి ఆ మేలును తినివేయుచున్నది. అట్టి గాలిలో పెరిగిన వరి, గోధుమ గింజలలో ఇనుము, జింకు, మాంసకృత్తులు తగ్గుచున్నవని పలుదేశముల ప్రయోగములలో తేలినది.

చివరకు కలుపు మాట. తుంగ, గరిక, ఊదగడ్డి, పల్లేరు, అడవి తోటకూర, గంగపాయల ఇవన్నియు రెండవ దారివే. మన వేరుశనగ, వరి మొదటి దారివి. ఎండ ముదిరి తడి తఱిగినకొలది పందెము కలుపు వైపునకే మొగ్గును. వేరుశనగలో విత్తిన తొలి 45 దినములు చేను శుభ్రముగా నుండవలెను. మొదటి కలుపు మూడు వారముల లోపలను, రెండవది ఆఱు వారములకు ముందును తీయవలెను. వాన వెనుకబడినదని కలుపు వాయిదా వేయుట మన వైపు అలవాటు. తడి లేనపుడే కలుపు ముందుగా తీయవలెను. ఊడలు నేలలోనికి దిగిన తరువాత గుంటక తోలరాదు. మిగిలిన కలుపును చేతితోనే లాగవలెను. తుంగను గడ్డతో సహా వేసవి దుక్కిలోనే పైకి తెచ్చి ఎండబెట్టినగాని తీరదు.